పాత డుకాటి 900ఎస్‌ఎస్: కొన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ 1991 నుంచి 1990ల చివరి దాకా వచ్చిన కార్బొరేటర్ డుకాటి 900ఎస్‌ఎస్ గురించి. కాలేజీ రోజుల్లో ఆర్‌ఎక్స్100, యెజ్డీ తోలి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో స్థిరపడి, నలభై దాటాక ఇటాలియన్ బండి మీద మనసు పడిన మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ప్రతి బోల్టు టార్కూ ఇక్కడ ఇవ్వడం లేదు. దానికి వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన ఉండాల్సిందే. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టక్కర్లేదు అన్నదే నేను చెప్పదలచుకున్నది.

డుకాటీదే ఇంకో మోడల్ 916 అంత అందంగా ఉంటుంది కదా, దాన్ని వదిలేసి 900ఎస్‌ఎస్ ఎందుకు?

916 అందానికి తిరుగులేదు. కానీ దానిలో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, నీళ్ల కూలింగ్, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఏ పని చేయాలన్నా ముందు సగం బండి విప్పాలి. 900ఎస్‌ఎస్‌లో రెండు సిలిండర్లకీ కలిపి నాలుగే వాల్వులు. గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడే 904 సీసీ ఇంజను, రెండు మికూని కార్బొరేటర్లు, చుట్టూ స్టీలు గొట్టాల ఫ్రేమ్. ఫెయిరింగ్ తీస్తే అంతా కళ్లెదుటే ఉంటుంది. హార్స్‌పవర్ లెక్కన ఇవాళ్టి మధ్య తరగతి బండి కూడా దీన్ని దాటిపోతుంది, నిజమే. అయితే మూడు వేల ఆర్‌పీఎం దగ్గర్నుంచే లాగే ఆ లాగుడు వేరు. సొంతంగా స్పానర్ పట్టాలనుకునేవాళ్లకి డుకాటీల్లో ఇదే సులువైన దారి.

కొనేముందు ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు కాగితాలు. ఇంజనులో వాల్వులని నడిపే రబ్బరు బెల్టులు ఎప్పుడు మార్చారు, వాల్వులు ఎప్పుడు చూశారు అనేదానికి బిల్లులు ఉన్నాయా? "మా మెకానిక్ చేశాడండీ, బిల్లు ఎక్కడో పడేశాను" అంటే చేయలేదనే లెక్క వేసుకుని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

తర్వాత సిలిండర్ స్టడ్లు. ఒక్కో సిలిండర్‌ని క్రాంక్‌కేసుకి పట్టి ఉంచేవి నాలుగు పొడుగాటి స్టడ్లు. 1990ల తొలి బండ్లలో ఇవి విరిగిపోవడం బాగా తెలిసిన జబ్బు. ఒకటి విరిగినా బండి నడుస్తూనే ఉంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు. సిలిండర్ అడుగున ఆయిల్ చెమర్చి ఉందా, హెడ్ మీది నట్లలో ఏదైనా మిగతావాటికంటే పైకి లేచి కనిపిస్తోందా అని టార్చి వేసి చూడండి. విరిగిన ముక్క క్రాంక్‌కేసులో ఉండిపోతే దాన్ని బయటికి తీసే పని తడిసి మోపెడవుతుంది. ఎవరైనా అప్పటికే మెరుగైన స్టడ్లు వేయించి ఉంటే ఆ బండికి కొంచెం ఎక్కువ ఇచ్చినా తప్పులేదు.

మూడోది ఫ్రేమ్. తొలి ఏళ్ల బండ్లలో హ్యాండిల్ కింద, హెడ్‌స్టాక్ (హ్యాండిల్ ఇరుసు తిరిగే గొట్టం) చుట్టూ ఉన్న వెల్డింగుల దగ్గర పగుళ్లు వచ్చిన సందర్భాలున్నాయి. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, పెయింట్ మీద సన్నటి తుప్పు గీత ఏమైనా ఉందేమో చూడండి. వెనక చక్రాన్ని మోసే చేయి, అంటే స్వింగ్‌ఆర్మ్, అల్యూమినియందైతే వెనక యాక్సిల్ చుట్టూ కూడా ఇదే తనిఖీ చేయాలి.

ఇక ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి పెట్టి ఉంటే, ఎందుకో అడగండి.

ఓడోమీటర్ మీద తొమ్మిది వేల మైళ్లే ఉన్నాయి. మంచిదే కదా?

తప్పకుండా మంచిదని చెప్పలేను. ఈ బండ్లు తిరిగి చెడేదానికంటే నిలబడి చెడేదే ఎక్కువ. బెల్టులు రబ్బరువి, బ్రేకు హోసులు రబ్బరువి, కార్బొరేటర్లకీ ఇంజనుకీ మధ్య ఉండేవీ రబ్బరువే. ముప్పై ఏళ్లు గరాజు మూల నిలబడితే మైళ్లతో పని లేకుండా అవన్నీ గట్టిపడి పగులుతాయి. ఏటా సర్వీసు చేయించుకుంటూ నలభై వేల మైళ్లు తిరిగిన బండి, తొమ్మిది వేల దగ్గర ఆగిపోయిన బండికంటే నయమని నా అభిప్రాయం. అమ్మేవాళ్లు ఒప్పుకోరనుకోండి.

టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాడి నిండుగా ఉన్నా ఆ సంవత్సరం మరీ పాతదైతే టైర్ల ఖర్చు కూడా బేరంలో కలపండి.

డెస్మో అంటే ఏమిటి? అందరూ ఎందుకంత భయపెడతారు?

మామూలు ఇంజన్లలో క్యామ్ (తిరిగే గుబ్బ) వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. డెస్మోలో మూయడానికి కూడా విడిగా ఒక క్యామ్, ఒక రాకర్ (క్యామ్ కదలికని వాల్వుకి అందించే చిన్న చేయి) ఉంటాయి. సాయానికి చిన్న స్ప్రింగు ఉంటుంది కానీ అసలు పని రాకర్‌దే. ఇంజనీరు ఫాబియో తాల్యోనీ 1956లో 125 సీసీ రేసు బండితో ఈ పద్ధతిని డుకాటిలోకి తెచ్చాడు. ఆ రోజుల్లో అధిక వేగం దగ్గర స్ప్రింగులు క్యామ్‌తో పాటు పరుగెత్తలేకపోయేవి, విరిగేవి కూడా. ఆ సమస్యే ఇక్కడ లేకుండా పోయింది.

భయమంతా సర్వీసు గురించే. ప్రతి వాల్వుకీ తెరిచే వైపు ఒక గ్యాప్, మూసే వైపు ఒక గ్యాప్. నాలుగు వాల్వులకి ఎనిమిది కొలతలు. పని ఎక్కువే, కానీ బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఓపిక, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు), షిమ్‌లు (గ్యాప్‌ని సరిచేసే రకరకాల మందాల చిన్న ముక్కలు) ఉంటే ఒక శని ఆదివారాల్లో తేలిపోతుంది.

వాల్వులు నేనే సెట్ చేసుకోవచ్చా?

కొలవడం అయితే ఎవరైనా చేయవచ్చు. ప్యాడాక్ స్టాండ్ మీద వెనక చక్రం లేపి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆరో గేర్లో వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజను మెల్లగా తిరుగుతుంది. తెరిచే వైపు గ్యాప్ మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది, ఫీలర్ గేజ్‌తో దొరుకుతుంది. మూసే వైపు దాదాపు గ్యాపే ఉండదు. అక్కడ షిమ్‌ని వేళ్లతో తిప్పి చూడాలి. తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఈ పట్టు చేతికి తెలియడానికి కొంత సమయం పడుతుంది.

షిమ్ మార్చేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మూసే షిమ్‌ని వాల్వు కాడ మీద పట్టి ఉంచేవి రెండు సన్నటి అర్ధచంద్రాకారపు తీగ ముక్కలు, వాటినే హాఫ్ రింగులంటారు. మూసే రాకర్‌ని కిందికి నొక్కి పట్టుకుని, షిమ్‌ని జరిపి, అయస్కాంతంతో వీటిని బయటికి లాగాలి. ఆ పనికి ముందే రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, పిస్టన్ సరిగ్గా పైకొసకి వచ్చి ఉండాలి. లేకపోతే పట్టు వదిలిన వాల్వు జారి సిలిండర్లో పడుతుంది, ఇక హెడ్ విప్పాల్సిందే. రెండోది, హెడ్‌లో ఆయిల్ కిందికి పోయే రంధ్రాలన్నిటిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. చేతిలోంచి ఎగిరిన హాఫ్ రింగు నేరుగా ఆ రంధ్రంలోకే పోతుంది, ఏం మాయో గానీ. పాత హాఫ్ రింగులు నలిగి అంచులు చదునైతే తిరిగి వేయకండి. అవి మళ్లీ నలుగుతూ గ్యాప్‌ని త్వరగా మార్చేస్తాయి.

చదువుతుంటేనే చెమటలు పడుతున్నాయా? అయితే కొలతలు మీరే తీసి కాగితం మీద రాసుకోండి, షిమ్‌ల పని మెకానిక్‌కి ఇవ్వండి. బోలెడంత లేబరు ఖర్చు మిగులుతుంది.

బెల్టులు ఎన్నాళ్లకి మార్చాలి?

రెండేళ్లకొకసారి, బండి తిరిగినా తిరగకపోయినా. 1979లో వచ్చిన 500 పాంటా నుంచి డుకాటి క్యామ్‌లను రబ్బరు బెల్టులతో తిప్పడం మొదలుపెట్టింది. ఖరీదు తక్కువ, చప్పుడు తక్కువ. కానీ బెల్టు తెగినా, పళ్లు జారినా వాల్వులు, పిస్టన్లు ఢీకొంటాయి. కొత్త బెల్టుల ఖర్చు ఒకసారి ఫ్యామిలీతో రెస్టారెంట్‌కి వెళ్లినంత. అవి తెగితే వచ్చే ఖర్చుతో ఇంకో 900ఎస్‌ఎస్ వస్తుందేమో. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను.

పని కష్టమైనది కాదు. కవర్లు తీసి, పుల్లీల మీది గుర్తులు కలిపి, పాతవి తీసి కొత్తవి వేయడమే. బిగువు విషయంలో మాత్రం అంచనాలు పనికిరావు. చాలామంది ఫోన్‌లో గిటార్ ట్యూనర్ యాప్ పెట్టుకుని బెల్టుని వేలితో మీటి, 110 హెర్ట్జ్ దగ్గరికి తెస్తారు. గిటార్ ఐదో తీగ స్వరం అదే. మైకుని బెల్టుకి బాగా దగ్గరగా పెట్టండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే పళ్లు జారతాయి. పనిలో పనిగా టెన్షనర్ పుల్లీలని వేలితో తిప్పి చూడండి. గరగరమంటే అవీ మార్చండి.

క్లచ్ పట్టుకోగానే గలగలా చప్పుడు వస్తోంది. పాడైపోయిందా?

లేదు, అది డ్రై క్లచ్ స్వభావం. ప్లేట్లు ఆయిల్లో మునిగి ఉండవు కాబట్టి లీవర్ పట్టినప్పుడు వదులై బాస్కెట్‌లో కొట్టుకుంటాయి. ట్రాఫిక్ లైటు దగ్గర పక్క కారువాళ్లు జాలిగా చూస్తారు, అలవాటు చేసుకోవాలి. చప్పుడు ఉన్నట్టుండి బాగా పెరిగినా, గేర్ వేస్తే బండి ముందుకి పాకినా కవరు తీసి చూడండి. ప్లేట్ల చెవులు కొట్టీ కొట్టీ బాస్కెట్‌ వేళ్ల మీద గాడులు పడి ఉంటాయి. గాడి లోతుగా ఉంటే ప్లేట్లతో పాటు బాస్కెట్ కూడా మార్చాలి.

క్లచ్ లీవర్ మెత్తబడి, న్యూట్రల్ దొరకడం కష్టమైతే ఎడమ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (లీవర్ నుంచి వచ్చే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) చూడండి. దాని సీల్ కారడం మామూలే. మార్కెట్‌లో పెద్ద పిస్టన్ ఉన్న స్లేవ్‌లు దొరుకుతాయి. లీవర్ చేతికి తేలిగ్గా ఉంటుంది. బదులుగా క్లచ్ పూర్తిగా విడిపోయే దూరం తగ్గుతుంది. చేతులు నొప్పెట్టేవాళ్లకి మాత్రమే చెబుతాను.

ఉదయం స్టార్టర్ మూలుగుతుంది కానీ ఇంజను తిరగదు. కొత్త బ్యాటరీ వేసినా అంతే.

బ్యాటరీ కంటే ముందు తీగలని అనుమానించండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్టార్టర్ కేబుళ్లు అంత పెద్ద పిస్టన్లని తిప్పడానికి చాలీచాలనివే. పైగా ముప్పై ఏళ్ల తర్వాత ఇన్సులేషన్ లోపల రాగి తీగలు నల్లబడి ఉంటాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు. చివర ఒక అంగుళం ఇన్సులేషన్ ఒలిచి చూడండి, రాగి మెరవాల్సిన చోట నల్లటి పొడి రాలుతుంది. బ్యాటరీ నుంచి సోలనాయిడ్‌కి, అక్కడి నుంచి స్టార్టర్‌కి, ఇంజను నుంచి బ్యాటరీ నెగటివ్‌కి లావుపాటి కొత్త కేబుళ్లు వేయండి. ఇంజను ఎర్త్ దగ్గర పెయింట్ గీకి లోహం తేలేలా బిగించండి. ఈ బండికి పెట్టే ఖర్చుల్లో ఇంత తక్కువకి ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

బ్యాటరీ పదే పదే దిగిపోతుంటే చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ చూడాలి. ఇంజను మూడు నాలుగు వేల మీద ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజీ సుమారు 14 ఉండాలి. 13 దాటకపోతే చార్జింగ్ లేదు. 15 దాటిపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే పసుపు తీగల కనెక్టర్ కరిగి నల్లబడిందేమో కూడా చూడండి. కొత్త రెగ్యులేటర్ కొనేటప్పుడు మీ ఆల్టర్నేటర్ రెండు తీగలదా మూడు తీగలదా అని లెక్కపెట్టుకోండి, రెండూ ఒకటి కావు.

చలికాలంలో హైవే మీద ఉన్నట్టుండి ఇంజను చచ్చిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ మామూలే. ఏమిటిది?

కార్బొరేటర్‌లో మంచు. గాలి ఇరుకు దారిలో వేగంగా పోతూ, పెట్రోలు ఆవిరవుతూ లోపలి లోహాన్ని బాగా చల్లబరుస్తాయి. బయట మరీ గడ్డకట్టే చలి అక్కర్లేదు. చెమ్మగా, ఐదారు డిగ్రీలున్న ఇంగ్లండ్ ఉదయం చాలు. గాలిలోని తేమ లోపల మంచుగా పేరుకుని దారి మూసేస్తుంది. బండి ఆపగానే ఇంజను వేడికి కరిగిపోతుంది, అందుకే మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి జబ్బు కనిపించదు. వేడి ఆయిల్‌ని కార్బొరేటర్ల దగ్గరికి పంపి వెచ్చబెట్టే కిట్ ఉండేది, పాత సామాన్లలో ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది. లేదంటే తేమని అడ్డుకునే పెట్రోల్ అడిటివ్ వాడండి. లేదా ఆ నాలుగు నెలలూ బస్సెక్కండి.

ఏ ఆయిల్ వాడాలి?

మంచి కంపెనీ 10డబ్ల్యు-40 లేదా 15డబ్ల్యు-50. క్లచ్ ఆయిల్లో ఉండదు కాబట్టి మోటార్‌సైకిల్ క్లచ్ కోసం ప్రత్యేకంగా చేసిన ఆయిలే కావాలన్న నియమం దీనికి లేదు. ఆయిల్‌తో పాటు ఫిల్టరు మార్చండి, జల్లెడ తీసి కడగండి. డ్రెయిన్ ప్లగ్గు చివరి అయస్కాంతానికి అంటుకున్నది వేళ్ల మధ్య రుద్ది చూడండి. మెత్తటి బూడిద రంగు పేస్టు అయితే నిశ్చింత. మెరిసే పెచ్చులు కనబడితే బండి తీయకండి.

ఎథనాల్ కలిపిన పెట్రోలుతో ప్రమాదమా?

దీనిది స్టీలు ట్యాంకు, కాబట్టి తర్వాతి కొన్ని డుకాటీల ప్లాస్టిక్ ట్యాంకుల్లా ఉబ్బదు. కానీ ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది, అడుగున తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు, ఓరింగులు మెత్తబడతాయి. ఇంగ్లండ్‌లో ఈ5 సూపర్ (ఎథనాల్ ఐదు శాతం మించనిది) పోయించండి. నెలరోజులు తీయకపోయేటట్టయితే కార్బొరేటర్ల అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్స్ ఖాళీ చేయండి. ఇది చేయకపోతే వసంతకాలంలో జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) శుభ్రం చేసుకుంటూ కూర్చోవాలి.

అప్‌గ్రేడ్లు మొదలెడదామనుకుంటున్నాను. ముందు ఏది?

ముందు బండిని ఫ్యాక్టరీలో ఉండాల్సిన స్థితికి తీసుకురండి. బెల్టులు, వాల్వులు, కొత్త టైర్లు, కొత్త బ్రేకు ఫ్లూయిడ్, చైను. ఇవేవీ చేయకుండా కార్బన్ మడ్‌గార్డ్ కొనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అన్నం లేకుండా పచ్చడితో సరిపెట్టుకున్నట్టే.

ఆ తర్వాత నా వరస ఇది: స్టార్టర్ కేబుళ్లు, రెగ్యులేటర్, అల్లిక స్టీలు బ్రేకు హోసులు, సస్పెన్షన్. ఇంజను అన్నిటికంటే చివర. బ్రెంబో బ్రేకులు ఇప్పటికీ మంచివే. పాత రబ్బరు హోసులు ఉబ్బుతుండటంతో లీవర్ స్పాంజిలా అనిపిస్తుంది, హోసులు మార్చిన రోజే తేడా తెలుస్తుంది.

సస్పెన్షన్‌కి ఖరీదైన ఓలిన్స్ కంపెనీవి వేయాలా?

డబ్బులుంటే వేయండి, ఎవరు వద్దన్నారు. కానీ బండితో వచ్చిన షోవా కంపెనీ ఫోర్కుల్లో చాలావాటిలో ఫ్యాక్టరీ పోసిన ఆయిలే ఇంకా ఉంటుంది. అది బయటికి తీస్తే నల్లగా, కుళ్లిన వాసనతో వస్తుంది. కొత్త ఆయిల్, సీళ్లు, మీ బరువుకి తగిన స్ప్రింగులు, వెనక షాక్ రీబిల్డ్. ఇంతతోనే బండి మలుపులో నిలకడగా కూర్చుంటుంది. ఎస్‌పీ, సీఆర్ అనేవి 900ఎస్‌ఎస్‌లో రెండు రకాలు. ఎస్‌పీ ఫోర్కులకి అన్ని సర్దుబాట్లూ ఉంటాయి. సీఆర్ ఫోర్కులకి లేవు, కాబట్టి సీఆర్ ఉన్నవాళ్లకి ఈ పని ఇంకా అవసరం.

కీహిన్ ఎఫ్‌సీఆర్ కార్బొరేటర్లు నిజంగా అంత బాగుంటాయా?

బాగుంటాయి. థ్రాటిల్ తిప్పిన మరుక్షణం ఇంజను పలుకుతుంది. అప్పటిదాకా మీరు నడిపింది వేరే బండేమో అనిపిస్తుంది. కానీ ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతాయి. సాధారణంగా చోక్ ఉండదు, థ్రాటిల్ రెండుసార్లు తిప్పి పెట్రోలు చిమ్మించి స్టార్ట్ చేయాలి. జెట్టింగ్ సరిగ్గా కుదరకపోతే డబ్బు దండగే. అందరికీ నేను చెప్పేది ముందు మికూనీలని శుభ్రం చేసి, రబ్బర్లు మార్చి, రెండిటినీ సింక్రనైజ్ చేయించమని. సగం మందికి దానితోనే తృప్తి తీరుతుంది. మిగతా సగం ఎలాగూ ఎఫ్‌సీఆర్ కొంటారు.

ముందు స్ప్రాకెట్ 15 పళ్లది తీసి 14 పళ్లది వేస్తే ఊళ్లో నడపడం హాయిగా ఉంటుంది. ఖర్చు అతి తక్కువ. కావాల్సినవాళ్లు తప్పకుండా చేయించుకోండి.

సైలెన్సర్ మార్చాను, ఇప్పుడు థ్రాటిల్ మూసినప్పుడు టపటపా పేలుతోంది.

మిశ్రమంలో పెట్రోలు తక్కువైంది, లేదా జాయింట్ల దగ్గర గాలి దూరుతోంది. జాయింట్లు చూశాక జెట్ కిట్ వేసి సరిచేయించండి. పాత సైలెన్సర్లు మాత్రం పారేయకండి. తీసిన ప్రతి ఒరిజినల్ భాగాన్నీ సంచిలో పెట్టి, పేరు రాసి అటక మీద పెట్టండి. ఈ బండ్లు కొనేవాళ్లు ఇప్పుడు ముందు అడిగేది అవే.

ఇండియా వెళ్లిపోతున్నాను. హైదరాబాద్ తీసుకెళ్లవచ్చా?

చాలామంది ఆశపడేది ఇదే, జవాబు మాత్రం నిరాశే. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ వాహనాల మామూలు దిగుమతికి మన నిబంధనలు ఒప్పుకోవు. పైగా డ్యూటీ భారం సరేసరి. ఎవరైనా ఏజెంట్ "నేను చూసుకుంటాను సార్" అంటే అడ్వాన్స్ ఇవ్వకండి. ఇక్కడే మంచి చేతికి అమ్మేసి, సర్వీసు కాగితాలన్నీ బండితో పాటే ఇవ్వండి.

చలికాలం మొత్తం బండి నిలపాలంటే ఏం చేయాలి?

కడిగి బాగా ఆరనివ్వండి. ఆయిల్ నిలిపేముందే మార్చండి, వాడిన ఆయిల్లో చేరిన ఆమ్లాలు బేరింగుల మీద నెలల తరబడి ఉండటం మంచిది కాదు. ట్యాంకు నిండా పెట్రోలు, స్టెబిలైజర్ వేయండి. కార్బొరేటర్లు ఖాళీ చేయండి. బ్యాటరీకి ట్రికిల్ చార్జర్ తగిలించండి. వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు నడిపి ఆపేయడం మాత్రం వద్దు. ఇంజను సరిగ్గా వేడెక్కదు, తేమ లోపలే మిగులుతుంది. తీసేటట్టయితే అరగంట రోడ్డు మీద తిప్పండి, లేదంటే మార్చి దాకా ముట్టుకోకండి.